గాలికి పడిన తలుపు

వీధి చివర సెలూన్ షట్టరు రోజూ పొద్దున్నే పైకి లేస్తుంది. లేపేది ఒక ఆడమనిషి. నేల ఊడ్చి, అద్దాల మీద నీళ్ళు చల్లి పాత పేపరుతో రుద్ది, కత్తెరలు తుడిచి వరసగా పేర్చుకుంటుంది. కత్తెర ఎడమచేత్తో పడుతుంది. కుడిచేతికి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే ఉన్నాయి. దువ్వెన పట్టడానికి ఆ మూడూ చాలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చెయ్యి చూసి కుర్చీలో కాస్త బిగుసుకుంటారు. పాతవాళ్ళు కళ్ళు మూసుకుని కునుకు తీస్తారు. వీధంతా ఆవిణ్ణి సెలూనక్క అంటుంది.

సెలూనక్కకి ఒక అన్న ఉన్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఒకసారి ఎవరో తెలియక, "మీ అన్నగారు పెద్ద కంపెనీ పెట్టారటగా!" అన్నాడు. అనగానే ఆయన చెవి పక్క జుట్టు ఒకవైపు వేలెడంత పైకి లేచిపోయింది. అది పెరిగి సమం కావడానికి నెల పట్టింది.

ఆ కంపెనీ చేసేది బుల్లి కంప్యూటర్లు. నలభై ఏళ్ళ కిందట కలిగిన ఇళ్ళల్లో ఉండేవే: దంతం రంగు పెట్టె, గోధుమరంగు మీటలు. టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్లో క్యాసెట్ వేసి, అది కీచుమంటుంటే పావుగంట ఓపిక పడితే ఒక ఆట వచ్చేది. వాటినే ఇప్పుడు అచ్చుగుద్దినట్టు, అరచేతిలో పట్టేంత చేసి అమ్ముతున్నాడు అన్న. ఆటలన్నీ లోపలే ఉంటాయి, క్యాసెట్ అక్కర్లేదు. అయినా కీచుమనే చప్పుడు మాత్రం తియ్యలేదు. అది వినబడితే చాలు, బట్టతల పెద్దమనుషులు కూడా కళ్ళు తుడుచుకుంటారు.

అంత చిన్న మీటలు పెద్దవాళ్ళ వేళ్ళకి ఎలా అందుతాయని ఎవరూ అడగలేదు. దాని ముందు కూర్చుంటే చేతులు చిన్నవైపోతాయి. చిన్నప్పుడు ఆ పాత యంత్రాన్ని ఆఖరిసారి ముట్టుకున్నప్పుడు చేతులెలా ఉన్నాయో, మణికట్టు దాకా అచ్చం అలాగే అవుతాయి. ఒకాయనకి గోళ్ళ కింద సిరా వచ్చింది. ఒకావిడకి వేలికి కట్టుతో సహా వచ్చింది. ఆట ముగించి లేస్తే మళ్ళీ మామూలే. ఆట నడుస్తుండగా కరెంటు పోతే మాత్రం అంతే సంగతులు, చేతులు ఉన్నవి ఉన్నట్టే ఉండిపోతాయి. పక్కవీధి లాయరుకి అలాగే జరిగింది. ఎనిమిదేళ్ళ చేతులతో కోర్టుకి వెళ్తాడు, వంకర అక్షరాలతో సంతకం పెడతాడు. జడ్జిగారు కూడా అలవాటుపడ్డారు.

ఒక సాయంత్రం సెలూనక్క మొగుడు డ్యూటీ దిగి వస్తూ ఆ డబ్బా ఒకటి సంకలో పెట్టుకొచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు. చిన్నప్పుడు ఎదురింటి కిటికీ ఊచలు పట్టుకుని ఆ ఆటలు చూసేవాడు, ఆ ఇంటివాళ్ళు కిటికీ మూసేదాకా.

"నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఒక్కసారి ఆడి అటకమీద పడేస్తాను," అన్నాడు చెప్పులు విప్పకుండానే.

"మీ ఇష్టం. నా కంట పడనీయకండి," అందావిడ కూర కలుపుతూ.

కానీ పడింది. డబ్బా మూత మీద ఒక ఫోటో ఉంది. పద్నాలుగేళ్ళ పిల్లాడు మీటల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వాడి భుజం మీద కుడిచెయ్యి వేసి పదకొండేళ్ళ పిల్ల పళ్ళికిలించి నవ్వుతోంది. ఆ చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. కింద పెద్ద అక్షరాలతో, 'మా అన్నాచెల్లెళ్ళ ఆటలు ఇప్పుడు మీ ఇంట్లో' అని రాసుంది.

మొగుడు అప్పటిదాకా చూసుకోలేదు. చూసి, డబ్బాని తిరగేసి బల్లమీద పెట్టాడు. సెలూనక్క స్టవ్ ఆపి ఫోన్ తీసింది.

"నా ఫోటో డబ్బా మీద ఎవర్నడిగి వేశావు?"

అవతల అన్న గొంతులో నవ్వుంది. "ఏంటే, అయిదేళ్ళ తర్వాత ఫోన్ చేసి ఇదా అడిగేది? నీ ఒక్కదాని ఫోటోనే కాదు, నాది కూడా ఉంది. జనానికి నచ్చింది."

"నా వేళ్ళు నీ బేరానికి పనికొచ్చాయన్నమాట."

"మళ్ళీ మొదలుపెట్టావా? గాలికి పడిన తలుపుకి నన్నేం చెయ్యమంటావు?"

ఆ తలుపు సంగతి ఇది. అన్న తన వంతు ఆడుకోవడం అయిపోగానే యంత్రాన్ని ఇనప బీరువాలో పెట్టేవాడు. చెల్లెలి వంతు ఎప్పుడూ రేపే. ఒక మధ్యాహ్నం తల్లీతండ్రీ పక్కగదిలో ఉండగా ఆ పిల్ల ఆగలేక బీరువాలో చెయ్యి పెట్టి యంత్రాన్ని పట్టుకుంది. తలుపు పడింది. రెండు వేళ్ళు పోయాయి. కిటికీ తెరిచి ఉంది, గాలికి పడిందన్నాడు అన్న. తల్లి కూడా అదే మాట పట్టుకుంది. ఇనప బీరువా తలుపు గాలికి ఎలా పడుతుందని ఆ పిల్ల ఆస్పత్రి మంచం మీద నుంచే అడిగింది. పెళ్ళిలో అడిగింది, తండ్రి పోయిన రోజున అడిగింది. ప్రతిసారీ తల్లి, "నీ నోరే నీకు శత్రువే," అనేది.

మర్నాడు సెలూనక్క షట్టరు ఎత్తలేదు. డబ్బా పట్టుకుని అన్న ఆఫీసుకి బస్సెక్కింది. మొగుడి బస్సు కాదు. ఆయనైతే దారిలో ఎక్కడో నచ్చజెప్పి దింపేసేవాడు.

ఆఫీసు ఒక పాత గిడ్డంగి పై అంతస్తు. పొడవాటి బల్లల దగ్గర ఆడవాళ్ళు డబ్బాలకి స్టిక్కర్లు అంటిస్తున్నారు. ఒక మూల నలుగురు ఉద్యోగులు పిల్లల చేతులతో టకటకా మీటలు నొక్కుతూ యంత్రాలు సరిచూస్తున్నారు. గదంతా కీచుకీచు. ముందు భాగంలో అన్న ముగ్గురు డీలర్లకి సరుకు చూపిస్తున్నాడు, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని. పక్కనే మెత్తటి కుర్చీలో, శాలువా కప్పుకుని తల్లి కూర్చుంది. పెద్దవాళ్ళెవరైనా వచ్చిన రోజున ఆవిణ్ణి తెచ్చి కూర్చోబెడతాడు. ఆ రోజుల్లో పిల్లలు అన్నానికి పిలిచినా లేచేవాళ్ళు కాదని ఆవిడ చెప్తే డీలర్లు మురిసిపోతారు.

"అదిగో, ఫోటోలో పిల్ల!" అన్నాడు ఒక డీలరు డబ్బావంకా మనిషివంకా చూసి. అంతలో ఆయన చూపు ఆవిడ కుడిచేతి మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

"చెప్పకుండా వచ్చావేమే?" అంది తల్లి.

"ఆడదామని వచ్చాను." సెలూనక్క కుర్చీ లాక్కుని యంత్రం ముందు కూర్చుంది. "రా అన్నయ్యా. నా వంతు రేపన్నావుగా. వచ్చింది."

"పనుంది. తర్వాత చూద్దాం."

"మా సారు ఎప్పుడూ ఆడరండీ," అంది స్టిక్కర్లు అంటించే అమ్మాయి అమాయకంగా. "ఒక్కసారి కూడా ముట్టుకోగా చూడలేదు మేము."

డీలర్లకి సరదా పుట్టింది. "ఆడండి సార్, అన్నాచెల్లెళ్ళు కూర్చుంటే అదో అందం!" అన్నారు. తల్లి కూడా, "ఆడరా, నలుగురిలో అడిగింది కదా," అంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆవిడకి కాసేపటికి తెలిసింది. అన్న మొహంలో రంగు లేదు. కాదంటే ఎందుకని అడుగుతారు. జేబుల్లోంచి చేతులు తీసి కూర్చున్నాడు.

ఆట పేరు ఇద్దరు మేస్త్రీలు. తెరకి అటొకడు ఇటొకడు నిలబడి పైనుంచి పడే ఇటుకలు పట్టుకుని గోడ కట్టాలి. పట్టుకోలేకపోతే ఇటుక నెత్తిన పడుతుంది. మూడు పడితే మేస్త్రీ పోయినట్టే. రెండోవాడు తన గోడ పూర్తిచేసేదాకా ఆట నడుస్తూనే ఉంటుంది.

కీచుమనే చప్పుడు ఆగింది. సెలూనక్క మీటల మీద వేళ్ళు పెట్టింది. మణికట్టు దగ్గర చిన్న జలదరింపు. చేతులు సన్నబడ్డాయి, గరుకుదనం పోయింది. మధ్యవేలి పక్కన ఉంగరపువేలు, దాని పక్కన చిటికెనవేలు. చిటికెనవేలి గోరు సగం కొరికేసి ఉంది. తనకి గోళ్ళు కొరికే అలవాటుండేదని ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది. ఆ వేలిని ఒకసారి ముడిచింది, చాచింది. మొదటి ఇటుక మేస్త్రీ నెత్తిన పడ్డా చూసుకోలేదు.

చూసుకునేసరికి అన్న ఆడుతున్నాడు. వేళ్ళు మాత్రమే కదుపుతూ, అరచేతులు బల్లకి అదిమిపెట్టి, వంగి కూర్చుని ఆడుతున్నాడు.

"చెయ్యి ఎత్తు," అంది.

"ఆట చూడు నువ్వు."

ఆవిడ చిన్న చెయ్యి చాచి అతని ఎడమచేతిని పట్టుకుని వెల్లకిలా తిప్పింది. లేత అరచెయ్యి. దానికి అడ్డంగా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఎర్రటి గీత. ఇప్పుడే పడినట్టు, పొంగి ఉంది. ఇనపరేకు అంచు మీద ఒంటి బరువంతా వేసి నెడితే పడే గీత. ఉక్రోషంతో కుడిచెయ్యి కూడా అతనే ఎత్తి చూపించాడు. "చూడు, చూసుకో!" దానికీ ఉంది.

"తలుపు నెట్టిన చేతులతోనే పెట్టె ఎత్తావు," అంది సెలూనక్క నెమ్మదిగా. "నా చెయ్యి వదిలేసి, కిందపడిన పెట్టె ఎత్తి, విరిగిందేమో చూసుకున్నావు. మళ్ళీ దాన్ని ముట్టలేదు. అందుకే ఈ గీత ఉండిపోయింది." తర్వాత తల్లివైపు తిరిగింది. "చూశావా అమ్మా గాలిని?"

గదిలో టకటకలు ఆగిపోయాయి. తల్లి ఆ అరచేతుల్ని చూడలేదు. చూడాల్సిన అవసరం ఆవిడకి లేదు.

"నాకు తెలుసు," అంది. "తలుపు సందులోంచి చూశాను. ఒక పిల్ల వేళ్ళు పోయాయి, పోయినవి రావు. వాణ్ణి మీ నాన్న ఆ రోజు బతకనిచ్చేవాడా? ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా నన్ను?"

"నన్నొక్కదాన్నీ పోగొట్టుకున్నావు. సరిపోయింది."

తల్లి శాలువా ముందుకి లాక్కుంది. అన్న మాత్రం మళ్ళీ మీటల మీదికి వంగాడు. గోడ తొందరగా పూర్తిచేసి ఆ చేతుల్ని వదిలించుకోవాలని అతని ఆత్రం. ఇటుకలు చకచకా పేరుస్తున్నాడు.

సెలూనక్క తన చేతుల్ని చూసుకుంది. ముద్దొచ్చే చేతులే. కావాలంటే ఉంచేసుకోవచ్చు. కానీ ఆ చేతులు ఒక్క తల కూడా కత్తిరించినవి కావు. ఉడుకునీళ్ళలో కాలినవి కావు, ఏడుస్తూ ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నవి కావు. ఆవిడకి అవి ఎవరో పక్కింటి పిల్ల చేతుల్లా కనబడ్డాయి. మీటల మీద వేళ్ళు కదపకుండా ఉంచింది. రెండో ఇటుక పడింది. మూడోది పడింది. మేస్త్రీ కూలిపోయాడు.

ఆవిడ లేచి నిలబడేసరికి చేతులు మామూలయ్యాయి. మూడు వేళ్ళ చెయ్యి గోడవైపు వెళ్ళింది. అక్కడ ప్లగ్గు ఉంది.

అన్న చూశాడు. అతని గోడ ఇంకా రెండు వరసలు మిగిలుంది. "వద్దే," అన్నాడు. "నీకు దణ్ణం పెడతాను, డీలర్లున్నారు."

చేసిన పని గుర్తుకొచ్చి వద్దన్నా, చెల్లెలివి కదా అన్నా ఆవిడ ఏం చేసేదో చెప్పలేం. డీలర్లున్నారన్నాడు. ఆవిడ మూడు వేళ్ళతో ప్లగ్గు పట్టుకుని లాగేసింది. తెర నల్లబడింది. డబ్బా అక్కడే వదిలేసి మెట్లు దిగింది.

మధ్యాహ్నానికి సెలూన్ తెరిచింది. మొగుడు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమైంది?" అన్నాడు. "ఏమీ కాలేదు, ఆడొచ్చాను," అంది. ఆయన నేలమీది జుట్టు ఊడ్చిపెట్టి వెళ్ళాడు.

అన్నకి ఆ చేతులే ఖాయమయ్యాయి. పద్నాలుగేళ్ళ చేతులు, అడ్డంగా ఎర్ర గీతలు. వ్యాపారానికేమీ లోటు రాలేదు. బుల్లి యంత్రాలు చేసేవాడికి చిన్న చేతులుండటం జనానికి ముచ్చటగానే ఉంది. చిక్కల్లా షేక్‌హ్యాండ్ దగ్గర. గీత వేలికి తగిలిన ప్రతివాడూ చెయ్యి తిప్పి చూస్తాడు. "ఇదేంటి సార్?" అంటాడు. చేతి తొడుగు వేసుకుంటే పచ్చిగాయంలా మండుతుంది. "చిన్నప్పుడు బీరువా తలుపు గాలికి పడుతుంటే ఆపబోయాను," అని చెప్పుకున్నాడు. చెప్పగా చెప్పగా అది బాగా కుదిరింది కూడా.

ఆ తర్వాత వానలు మొదలైన రోజుల్లో, సెలూన్ ఖాళీగా ఉన్న ఒక సాయంత్రం, తల్లి గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చింది. ఆ కొట్లో అడుగుపెట్టడం అదే మొదలు. సెలూనక్క కత్తెరలు తుడుస్తూనే ఉంది. కుర్చీ కూడా చూపించలేదు. తల్లి తనే వెళ్ళి కూర్చుంది.

"జుట్టు రాలిపోతోంది. పొట్టిగా కత్తిరించు," అంది అద్దంలోకి చూస్తూ.

సెలూనక్క తెల్లగుడ్డ మెడకి చుట్టింది, కొంచెం బిగుతుగానే.

"నిన్న ఎవరో పత్రికావాళ్ళొచ్చారు," అంది తల్లి. "వాడి చేతులు చూసి అడిగారు. గాలి అన్నాడు వాడు. నేను కాదన్నాను. నువ్వు నెట్టావురా, నేను చూశాను అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. ఇంటికెళ్ళేదాకా కార్లో వాడు నాతో మాట్లాడలేదు. పొద్దున నాకు కాఫీ కూడా ఇవ్వనివ్వలేదు." ఆ గొంతులో పశ్చాత్తాపం లేదు. కోడలి మీద చాడీ చెప్తున్నట్టుంది. "బట్టలు సర్దుకుని వచ్చేశాను, సంచి బయట పెట్టాను. మీ ఆయన్ని లోపలికి తెమ్మను, తడుస్తోంది."

సెలూనక్క వీధిలోకి చూసింది. చూరు కింద ఒక చిన్న సంచి ఉంది. ఆవిడ మూడు వేళ్ళతో తల్లి నడినెత్తి పట్టుకుని తల ముందుకి వంచింది. దువ్వెన చిక్కులో దిగింది.

"కాస్త నెమ్మదే," అంది తల్లి.

సెలూనక్క నెమ్మదించలేదు. ఆపనూ లేదు.