తకుజి వదిలేసిన జుట్టు

కాగితం పోతుందంటే పోతుంది, నేనేం చెయ్యను? అచ్చు వెయ్యడానికి బొమ్మను చెక్క మీద బోర్లా అతికించి, కాగితంతో సహా చెక్కేయడమే మా పని. తాతల నాటి నుంచీ అంతే. ఈ మాట చెప్పేసరికి సవాకో బొమ్మను గుండెకు హత్తుకుని గుమ్మం దాకా వెళ్లిపోయింది.

ఆమె మొగుడు తకుజి పోయిన చలికాలంలోనే పోయాడు. పాతకాలపు అచ్చుబొమ్మలంటే అతనికి ప్రాణం. అప్పటివాళ్లు టీకొట్లూ, వంతెనలూ, వానలో పరిగెత్తే జనాన్నీ గీస్తే, ఇతను అదే తీరులో మన టోక్యో రైళ్లూ, రాత్రంతా తెరిచుండే కొట్లూ గీసేవాడు. అన్నీ నేనే చెక్కాను. రైలుకు అన్నేసి కిటికీలు పెడతాడని తిట్టాను కూడా. ఈ చివరి బొమ్మలో, నాణెం వేసి బట్టలుతుక్కునే కొట్లో ఒకావిడ అటు తిరిగి కూర్చుంది. అది సవాకోయేనని వేరే చెప్పాలా?

అచ్చయితే బొమ్మ ఎన్నో ఇళ్లకు చేరుతుంది. అతను చేత్తో గీసిన కాగితం మాత్రం మిగలదు. ఆ పిల్ల బాధ అదే. నకలు తీసి అతికించమంది. తియ్యొచ్చు, ఈ రోజుల్లో చాలామంది తీస్తున్నారు. కానీ తకుజి సన్నగీతను నకలు తీసే యంత్రం ముద్ద చేసేస్తుంది. ఆ సంగతీ దాచలేదు. ఇంటికి తీసుకుపోతే నేనేమీ అనుకోనని చెప్పి, కూర్చోబెట్టి టీ పోశాను.

టీ తాగుతూ బొమ్మను మళ్లీ చూసుకుంది. మెడ దగ్గర జుట్టుకు ఉత్త అంచుగీతే ఉందేమిటని అడిగింది. ఓపిక లేక వదిలేశాడనుకుంది పాపం.

"కాదమ్మా. జుట్టెప్పుడూ చెక్కేవాళ్లకే వదిలేస్తారు. ఒక్కో వెంట్రుకా నేను చెక్కాల్సిందే."

సవాకో ఆ అంచుగీతను వేలితో తడిమింది. "అయితే ఇంట్లో దాచుకుంటే నాకు జుట్టే ఉండదన్నమాట," అని నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు.

చెక్కకు జిగురు తనే రాసింది. కాగితాన్ని బోర్లా పరిచి, నిద్రపోయేవాడి వీపు నిమిరినట్టు అరచేత్తో నిమిరింది. పై పొరను వేళ్లతో మెల్లగా రుద్ది తీసేసరికి గీతలన్నీ నల్లగా తేలాయి. అప్పుడు నాకు వీపు పెట్టి కూర్చుని, జుట్టు పైకెత్తి ముడేసుకుని, చూసి చెక్కమంది.

మెడ దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలున్నాయి. అతను పోయాక వచ్చినవే. వాటిని వదిలేస్తాలే అన్నాను.

"వద్దక్కా, అవీ చెక్కు," అంది. "ఆయన చూడలేదుగా."