ఉప్పు బస్తాల మీద కంప్యూటర్

"ఆ డిస్కును చంపింది మీరు. గాలి కాదు, కరెంటు కాదు, దాన్ని తయారుచేసినవాడూ కాదు. ఈ బల్ల చుట్టూ కూర్చున్న మీరే."

స్టేషన్‌లో మైకు ముందు మాట్లాడే కొర్లేకి ఈ మాట కూర్చునే అంది. రేడియో కమిటీ మీటింగులో నిలబడి మాట్లాడాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి. కూర్చుని తిట్టడానికి అలాంటి నియమం ఏదీ లేదు.

అధ్యక్షుడు నార్తే మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అజెండాలో మొదటిది ప్రార్థనమ్మాయ్. హత్యలు తర్వాత," అన్నాడు.

ప్రార్థన జరిగింది. కొర్లేకి కళ్ళు మూసుకోలేదు. ఒళ్ళో ఉన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. సంచిలో పాత గుడ్డలో చుట్టిన హార్డ్ డిస్క్ ఉంది.

ఉప్పునీటి కయ్య ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో రేడియోకి డబ్బుగా వచ్చేది తక్కువ, ఉప్పుగా వచ్చేది ఎక్కువ. చావు కబురు చదివించాలన్నా, తప్పిపోయిన మేక ఆనవాళ్ళు చెప్పించాలన్నా, ఉప్పు తీసే ఆడవాళ్ళు నెత్తిన బస్తా పెట్టుకుని వస్తారు. ఆ బస్తాలు దాచడానికి తాళం పడే గది ఒక్కటే ఉంది, అది స్టూడియో. వానల్లో నేల చెమ్మగిల్లుతోంది కాబట్టి కంప్యూటర్ డబ్బాను ఎత్తుగా పెట్టాలని కమిటీ తీర్మానించింది. గదిలో ఎత్తుగా ఉన్నవి బస్తాలే. పైగా గాలిలో తేమంతా ఉప్పు పీల్చేస్తుంది, మిషనుకు మంచిదని మాస్టారు సైన్సు చెప్పాడు. పీల్చిన తేమతో ఉప్పు ఏం చేస్తుందో ఆ ఊళ్ళో ప్రతి మేకుకీ తెలుసు, ప్రతి పైకప్పు రేకుకీ తెలుసు. కమిటీకి తెలియలేదు. కొర్లేకి ఆ సంగతి చెప్తే, "నీ పని మైకు ముందు," అన్నారు.

పోయిన వారం డబ్బా లోంచి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది, లోపల ఎవరో ఉండి తలుపు కొడుతున్నట్టు. కాసేపటికి తెర నల్లబడింది. రోడ్డు పక్క కొట్లో ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే క్వాబ్లా వచ్చి మూత విప్పాడు. మరలన్నీ ఎర్రగా తుప్పు, రాగి ఉన్నచోటల్లా పచ్చని పాచి. కాసేపు వాసన కూడా చూశాడు.

"బాగా ఊరబెట్టారక్కా. చేపనైతే ఇంకో ఏడాది తినొచ్చు."

"డిస్కు సంగతి చెప్పు."

"నావల్ల కాదు. నువ్వు కూడా మళ్ళీ ఆన్ చెయ్యకు. చేసినప్పుడల్లా లోపల సూది పళ్ళేన్ని గీకుతుంది. ఆ పళ్ళెం మీదే నీ సరుకంతా ఉంది. రాజధాని అక్రాలో ఒక ల్యాబు ఉంది, విప్పి చదువుతారు. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఖరీదు మాత్రం కొత్త కంప్యూటరంత."

కమిటీకి ఈ ముక్కలన్నిట్లో 'కొత్త కంప్యూటర్' ఒక్కటే వినపడింది.

ఆ డిస్కులో ఏముందో కమిటీకి తెలియక కాదు. ఉప్పు కంపెనీ ఒకటి వచ్చి కయ్య తూర్పు ఒడ్డుకు కంచె వేసింది. అక్కడ ఎవరూ ఎన్నడూ ఉప్పు తియ్యలేదు, అది బీడు అంటోంది. వచ్చే నెలలో జిల్లా కచేరీలో విచారణ. కొర్లేకి ఏళ్ళ తరబడి చేపలు కాల్చే పొగలో కూర్చుని ముసలమ్మల చేత మాట్లాడించి రికార్డు చేసింది. కయ్య ఎండినా పూజారి ఆంక్ష ఎత్తేదాకా ఎవరూ దిగరనీ, ఎత్తాక పొరుగూరివాళ్ళనైనా సరే ఆపరనీ, ఎవరమ్మ ఏ మూల తీసిందనీ వాళ్ళు చెప్పారు. ఊరి చేతిలో ఉన్న సాక్ష్యం అదే. టక్కు టక్కుమన్న ఆ డిస్కులో అది ఇరుక్కుంది.

ప్రార్థన అయ్యాక మాస్టారు రంగుల కాగితం ఒకటి బల్ల మీద పరిచాడు. అందులో అద్దాల డబ్బా, డబ్బాలో ఫ్యాన్లు, ఫ్యాన్లలో ఎరుపూ నీలం దీపాలు.

"ఉన్న నిధి ఒక్కదానికే సరిపోతుంది. ముందుచూపుతో వెళ్దాం," అన్నాడు. "పెద్ద తెర. ర్యామ్ పాతదానికి నాలుగింతలు."

కోశాధికారి బెర్నీస్ ఆంటీ బజారులో కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్ముతుంది. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "ఈ దీపాలెందుకు?"

"చల్లబరచడానికి," అన్నాడు మాస్టారు.

తలుపు దగ్గర నిలబడ్డ క్వాబ్లా అన్నాడు, "దీపాలు దీపాల్లా వెలుగుతాయాంటీ, అంతే. రేడియోకి అవన్నీ అక్కర్లేదు. తిరిగే పళ్ళెం లేని చిన్న డిస్కు ఒకటి మిషను నడవడానికి, కాపీలకి మామూలువి రెండు. చిన్నది పాత డబ్బాలోనే పడుతుంది. కడిగి ఇస్తా."

"నువ్వు కమిటీ సభ్యుడివా?"

"కాదు మాస్టారూ. సభ్యుడినైతే నేనూ ఆ దీపాలకే ఓటేసేవాణ్ణేమో."

అప్పుడే బయట చెప్పుల చప్పుడయింది. పొద్దున కొర్లేకి మైకులో ఒక మాట చెప్పింది. ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది, రేడియోలో మాట్లాడిన మనిషి పోతే ఇంటివాళ్ళు ఆ గొంతును స్టేషన్ నుంచి తీసుకెళ్ళి అంత్యక్రియల రోజు డప్పులకీ నాట్యానికీ మధ్య పెద్ద స్పీకర్లలో వినిపిస్తారు. ఆ కాపీలు ఎవరి దగ్గరున్నా తెమ్మంది. ఆడవాళ్ళు తెచ్చారు. పెన్‌డ్రైవులు కొంగు ముడుల్లో, బిస్కెట్ల డబ్బాల్లో వచ్చాయి. ఒకామె తల్లి గొంతు ఉందని పగిలిన ఫోనే తెచ్చింది. ఒకదాంట్లో ముసలమ్మ మాటల వెనక ట్రంపెట్ కూడా ఉంది, అంత్యక్రియలకు పాటలు వేసేవాడి సొంత ప్రతిభ. అయినా మాట తెలుస్తోంది.

క్వాబ్లా తన ల్యాప్‌టాప్‌లో ఒక్కోటీ వినిపించాడు. చనిపోయిన బెర్నీస్ ఆంటీ తల్లి గొంతు వచ్చి కూతుర్ని సోమరిపోతు అని తిట్టి వెళ్ళింది. ఆంటీ పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"చూశావా," అన్నాడు మాస్టారు. "అన్నీ దొరికాయి. ఇక ల్యాబెందుకు?"

"వీళ్ళంతా పడమటి ఒడ్డువాళ్ళు మాస్టారూ," అంది కొర్లేకి. "తూర్పు ఒడ్డు గురించి చెప్పింది ఒక్కరే. మామ్లే అవ్వ."

మామ్లే అవ్వ నార్తే మాస్టారి తల్లికి స్వయానా చెల్లెలు. చిన్నప్పుడు తల్లి వెనక తూర్పు ఒడ్డున ఏయే గుంటల్లో ఉప్పు తీసిందో, ఒక్కో గుంట పేరూ పెట్టి చెప్పింది. ఆమె బతికే ఉంది. అందుకే ఎవరూ కాపీ తీసుకోలేదు. పోయిన వానల్లో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"ఈ ఊళ్ళో కాపీ కావాలంటే చావాలి," అంది కొర్లేకి. "అవ్వ చావలేదు, అదే తప్పయింది. పొద్దున వెళ్ళి అడిగాను. బాగున్న చెయ్యెత్తి తూర్పుకి చూపించింది. కచేరీలో ఆ చెయ్యి పట్టుకెళ్ళి చూపించమంటారా?"

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ తీశాడు. తుడవలేదు. "ల్యాబువాడు తప్పకుండా తీస్తానన్నాడా?"

"అనలేదు."

"తియ్యలేకపోతే నిధీ పోయింది, కంప్యూటరూ లేదు."

"అవును. అప్పుడు ఫోన్‌తో నడుపుదాం. సరిగ్గా పంపి పోగొట్టుకున్నామని అవ్వ ముందు నిలబడి చెప్పగలను. అద్దాల డబ్బా కొన్నామని మీరు వెళ్ళి చెప్పండి. మీ పిన్నే కదా."

మాస్టారు రంగుల కాగితం వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. బయట అక్రా వెళ్ళే ట్రోట్రో వ్యాను ఆగి ఉంది. డబ్బులు వసూలుచేసే మేటు కేకలేసి మనుషుల్ని నింపుతున్నాడు. వ్యాను నిండితే కదులుతుంది, ఎవరికోసమూ ఆగదు.

కొర్లేకి అనుమతి అడగకుండా లేచి నిలబడింది.

"చెక్కు రాయండి. ఇప్పుడే, వచ్చే మీటింగులో కాదు. ఆంటీ, మీరూ సంతకం పెట్టండి. డిస్కుతో నేనే వెళ్తా. మిగతావాళ్ళు క్వాబ్లా చెప్పిన మామూలు డిస్కులు అప్పు మీద తెండి, కాపీల్లో ఒకటి ఇక్కడ ఉంచి ఇంకోటి ఆంటీ ఇంట్లో పెట్టండి. ఊళ్ళో మాట పడిపోని ముసలమ్మలు ఎంతమంది ఉన్నారో అందరి దగ్గరికీ రేపే వెళ్ళండి, చచ్చేదాకా ఆగకండి. అన్నిటికంటే ముందు ఆ ఉప్పు బస్తాలు స్టూడియోలోంచి బయటికి మొయ్యండి. ఎత్తినవాళ్ళే దించాలి. మొదటి బస్తా మీరే, మాస్టారూ. లేవండి."