ఎనిమిది గుంజలకు కట్టిన మైకులు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం పొగమంచు. అందులో మా ఆయన వీరాంజనేయులు పడవ ఒడ్డు ఎటో తెలియక సముద్రం లోపలికే కొట్టుకుపోతుందని. చంటిదానికి పాలిస్తున్నా నా చెవి బయటే ఉంటుంది.

మొన్న జనవరి చివర్లో బాపట్ల కాలేజీ నుంచి ఫిన్నీ అనే అమ్మాయి మా సూర్యలంక పల్లెకు వచ్చింది. తెనాలి పిల్ల. ఒడ్డు పొడుగునా ఎనిమిది గుంజలు పాతి ఒక్కోదానికి ఒక్కో మైకు కట్టింది. తీగలన్నీ మా పంచలో పెట్టిన కంప్యూటరుకు తెచ్చింది.

"సముద్రం అరుపు వినడానికి మైకులెందుకమ్మాయ్? నా కోడలి చెవి చాలదా?" అంది మా అత్త పేరంటాలు.

"మీ కోడలికి రెండే కదా మామ్మా" అంది ఫిన్నీ.

నేను తొమ్మిదితో బడి మానేసిన దాన్ని. అయినా ఆ పిల్ల చెబితే అర్థమైంది. చప్పుడు దగ్గరి గుంజకు ముందు చేరుతుంది, దూరపుదానికి కాస్త వెనక. ఆ తేడాను బట్టి ఎటునుంచి వచ్చిందో లెక్క కడతారు. ఎనిమిది మైకులు విన్నదాన్నీ ఆ తేడా మేరకు జరిపి కలిపితే ఆ దిక్కు చప్పుడు పెరుగుతుంది, అలల హోరు అణుగుతుంది.

నాలుగో రోజు పొద్దున్నే మంచు దిగింది. అన్ని పడవలూ వచ్చాయి, మాది రాలేదు. ఫోను కలవలేదు.

ఫిన్నీ చెవులకు పెట్టుకున్నవి తీసింది. "ఎవరో రేకు డబ్బా కొడుతున్నారక్కా. కానీ దిక్కు కుదరట్లేదు. ఒకసారి వాడరేవు వైపు చూపిస్తంది, ఒకసారి నిజాంపట్నం వైపు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. చేపలు ఎండబెట్టే దండేల గుంజలు మా పల్లెలో ఎవరికి అడ్డమైతే వాళ్ళు జరుపుకుంటారు, ఒకళ్ళని అడగరు. ముందు రోజు ఆరో గుంజను అలాగే పీకి పక్కన పాతాను.

"ఆరోది నేను జరిపానమ్మా" అన్నాను.

ఆ పిల్ల కసరలేదు. "ఎంత దూరం?"

"ఏమో, కొలవలేదు."

"పద, కొలుద్దాం."

టేపు కొస నాకిచ్చి అయిదో గుంజ దగ్గర నిలబెట్టింది. మూడు మీటర్లు తేడా. కొత్త కొలత ఎక్కించి నా చెవికి పెట్టింది. టంగ్, టంగ్. అంత హోరులోంచి ఆ చిన్న చప్పుడును బియ్యంలో రాయిలా ఏరి తెచ్చిన చేతులకు దణ్ణం పెట్టబుద్ధేసింది.

ఫిన్నీ చూపిన దిక్కునే, దిక్సూచి పట్టుకుని దేవదాసు బాబాయి పడవ వేసుకెళ్ళాడు. గంటన్నరకి, ఇంజను ఆగిపోయిన మా పడవను తాడు కట్టి లాక్కొచ్చాడు.

"ఎట్టా తెలిసింది బాబాయ్, మేమక్కడున్నామని?" అన్నాడు మా ఆయన, వణుకుతూ.

"నన్నడుగుతావేంట్రా, ఆ అమ్మాయినడుగు."

మూడు గంటలు ఆ డబ్బాను ముఖం పక్కనే పట్టుకుని ఆపకుండా కొట్టింది మా ఆయనతో వెళ్ళిన కోటిబాబు. ఒడ్డుకొచ్చాక ఏమడిగినా నవ్వాడు తప్ప జవాబు చెప్పలేదు. అలసట అనుకున్నాం. మర్నాడు రేపల్లెలో వాళ్ళక్క ఇంటికి వెళ్ళాడు. వారమైంది, ఫోను ఎత్తడం లేదు. మా ఆయన జ్వరంతో పడుకున్నాడు, చంటిదాన్ని వేసుకుని నేను కదల్లేను.

రేపల్లెలో రైల్వే స్టేషను వెనక వీధి, నీలం తలుపుల ఇల్లు. అటు వెళ్ళేవాళ్ళుంటే ఒకసారి చూసి రండి. బయటినుంచి పిలిస్తే అతనికి వినపడదేమో, లోపలికెళ్ళి ఎదురుగా నిలబడండి.