పసుపు పూసిన మోషే

నా కోడలు లూదియా దున్నపోతులను పెంచి మాంసానికి అమ్ముతుంది. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ముక్కు మూసుకునేవాళ్లు ఇక్కడే మూసుకోవచ్చు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే దారిలో, కాలువకు ఇవతల మా కొట్టం. నా కొడుకు వినయ్ బడిపంతులు. వాడికి బర్రె ఏ వైపు తంతుందో కూడా తెలియదు. మందంతా లూదియాదే. మా వైపు బర్రెను ఎనుము అంటాం. అది ఈనితే అందరూ అడిగేది ఆడదూడా అనే. మగదైతే పాలు దండగని ఎవరూ చూడరు. అలా ఎవరో గోతాంలో వేసి కాలువ గట్టున పారేసిన దూడను పెళ్లయిన కొత్తలో లూదియా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. బైబిల్లో మోషేలాగే నీళ్ల దగ్గర దొరికాడని ఆ పేరే పెట్టింది. ఇంట్లో మనుషులకే పాలు చాలని రోజులవి. నేను నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆమె అంతా విని, సీసాకు పాలపీక తగిలించి దూడ నోట్లో పెట్టింది.

ఆ మోషే ఎదిగి ఎదిగి, కొట్టం గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రానంత పోతయ్యాడు. వాడికి పుట్టిన దూడలు మిగతావాటికంటే ముందే కండపడతాయి, మేత దండగ చేయవు. వాటిని చూసే కర్నూలు నుంచి అజయ్ కుమార్ అనే పెద్ద వ్యాపారి ఫోన్ చేశాడు. ఏటేటా మంద మొత్తం తనే కొంటానన్నాడు, దళారీ లేకుండా. ఒకే షరతు పెట్టాడు. ఈ దూడల తండ్రిని కళ్లారా చూడాలి. పోతు అలాంటిదైతేనే వచ్చే ఏడు కూడా ఇలాంటి దూడలు పుడతాయని అతని లెక్క. ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు.

సరిగ్గా ఆ వారంలోనే మోషే కనబడకుండా పోయాడు.

తెల్లవారి చూస్తే కంచె విరిగి ఉంది. మోషే ముకుతాడు తెగి గుంజ దగ్గర పడి ఉంది. వాడి తొట్టిలో మూతి పెట్టి మరో పోతు చొప్ప నములుతోంది. ఎనుముల కోసం వచ్చి, మోషేతో పోట్లాడి, చోటు సంపాదించుకున్నట్టుంది. దాని ముక్కుకూ తాడు లేదు. అది కూడా తెంచుకుని వచ్చిందనుకున్నాం. ఎవరిదైతే వాళ్లే వెతుక్కుంటూ వస్తారని లూదియా దాన్ని మెడకు కట్టి, మేతకు లోటు చేయలేదు. మోషే కోసం మాత్రం తిరగని చోటు లేదు. ఫోన్‌లో బొమ్మ పంపితే గడివేముల నుంచి ఎవరో ఇక్కడ ఉన్నాడన్నారు. బండి వేసుకుని అంత దూరం పోయింది, తీరా చూస్తే వేరే పోతు. వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి కలిపి వదిలేసింది. ఆమెను అలా చూడటం నావల్ల కాలేదు. వినయ్ ప్రార్థన చేశాడు. నేను కూడా చేశాను గానీ, దానిలో సగం కోపమే.

ఆదివారం వచ్చింది. కాలువ అవతలి ఊళ్లో ఆ రోజు దేవర. అంటే అమ్మవారి జాతర. పొద్దున్నుంచే తప్పెట్లు వినబడుతున్నాయి. వ్యాపారి వచ్చే వేళకు ఈ కొత్త పోతు కుమ్ముతూ కూర్చుంటే బాగుండదని, దీనికి ముకుతాడు వేద్దామని లూదియా తాడు తీసుకుని దాని ముక్కు తడిమింది. తడిమి ఆగిపోయింది.

"అత్తా, దీనికి బెజ్జమే లేదు."

"లేకుంటే ఏందిమ్మే?"

"ఇంత పోతును ముక్కు పొడవకుండా ఎవుడన్నా సాకుతాడా? కుమ్మి సంపదా?" అంది. అంటూనే తప్పెట్లు వినబడే వైపు తిరిగింది. "అత్తా, ఇది దేవరపోతు!"

అమ్మవారికి మొక్కుకుని విడిచిన పోతుకు ముక్కు పొడవరు, తాడు వేయరు. మూడేళ్లు ఏ చేలో పడి మేసినా ఎవరూ కర్ర ఎత్తరు. జాతర నాడు దాన్ని పట్టి తెచ్చి, పొద్దు గుంకే లోపల అమ్మవారికి బలి ఇస్తారు.

"దేవరపోతు మన కొట్టంలో ఉంటే, ఆడ ఎవుర్ని కట్టేసినట్టు?" అన్నాను.

లూదియా తాడు అక్కడే పడేసింది. బండి తీసింది. నేను వెనకాల ఎక్కాను. ఈ వయసులో నాకెందుకని అడగవద్దు. కోడలు ఒక్కతే అంత గుంపులోకి పోతుంటే ఇంట్లో కూర్చునే ఆడదాన్ని కాను.

పోయి చూస్తే గుడి ముందర మోషే! ఒళ్లంతా పసుపు, నొసట బొట్టు, కొమ్ములకు వేపమండలు. రెండు కొమ్ములకూ మోకులు కట్టి చెరో పక్క కుర్రాళ్లు పట్టుకున్నారు. పోతు మొక్కజొన్న చేలో మేస్తుంటే, ఇంత బలిసింది అమ్మవారిదే అయి ఉంటుందని పొద్దున్నే తోలుకొచ్చారట. ఆ ఊరివాళ్లు ఒక్కసారైనా మా కొట్టం వైపు తొంగి చూసి ఉంటే వాడిని గుర్తుపట్టేవాళ్లు. మాంసపు పోతుల కొట్టమని కాలువ దాటేవాళ్లు కాదు.

"అన్నా, ఇది నా పోతు" అంది లూదియా, ఊరి పెద్ద ఆదినారాయణతో.

ఆయన కండువా సర్దుకున్నాడు. "ఏందమ్మా నువ్వనేది? పసుపు పడిన్యాక ఆయమ్మదే. నీదెట్లయితాది?"

"కిరస్తానపోల్లు మీరు. ముట్టుకోగాకండి" అన్నాడు మోకు పట్టుకున్న ఒక కుర్రాడు.

నాకు ఒళ్లు మండింది. "మా కోడలు పాలు తాపి సాకిన పోతును మీరు కట్టేస్తారు, మేము ముట్టుకోగూడదా? ఎవుని సొమ్ము అనుకుంటాండార్రా?" అని అరిచాను. గుంపు కూడా అరిచింది. తప్పెట్లు ఆగిపోయాయి. పొద్దు అప్పటికే వాలుతోంది, పూజారి కత్తికి బొట్టు పెట్టి ఉంచాడు.

"గమ్మునుండత్తా" అంది లూదియా. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఆ పోతును ఎవరు మొక్కుకుని విడిచారని అడిగింది. అరుగు మీద కూర్చున్న రామసుబ్బమ్మను చూపించారు. మనవరాలికి జ్వరం తగ్గితే పోతును ఇస్తానని మొక్కుకున్న ముసలామె.

లూదియా ఆమె ముందు కూర్చుంది. "అవ్వా, నువ్వు ఇడిసిన పోతుకు ముక్కు పొడిపించినావా?"

"ఏం మాటమ్మే అది! దేవరపోతుకు ముక్కు పొడుస్తారా? దూడప్పుడే బొట్టు పెట్టి ఇడిసినా."

"అయితే వచ్చి దీని ముక్కు సూడు. నీదైతే నేను మల్ల మాట్లాడను."

ముసలామె లేచింది. గుంపు దారి ఇచ్చింది. మోషే బుసకొడుతున్నాడు. లూదియా మెడ మీద చెయ్యి వేసి "రేయ్, ఆగు" అనగానే తల వంచాడు. రామసుబ్బమ్మ కొంగుతో వాడి మూతి మీది పసుపు తుడిచింది. కళ్లు ఆనక, రెండు ముక్కుపుటాల మధ్య వేలు పెట్టి చూసింది. వేలు ఇటు నుంచి అటు పోయింది.

ఆమె తిరిగి కుర్రాళ్ల మీద పడింది. "కండ్లు యాడ పెట్టుకున్నార్రా! ఇది నా పోతు కాదు. పరాయి సొమ్ము కోసి మొక్కు తీరిందనుకుంటే ఆయమ్మ ఊరుకుంటాదా? ఇప్పండి మోకులు!"

ఇప్పారు. పసుపు పడిందన్న ఆదినారాయణే ఒక మోకు ముడి విప్పాడు. కానీ మొహం పాలిపోయింది. "పొద్దు గుంకుతాండాది. మరి అమ్మవారి పోతు యాడ?"

"మా కొట్టంలో ఉండాది అన్నా" అంది లూదియా. "ఐదారు దినాలుగా నా చొప్ప తింటాండాది. వచ్చి తోలకపోండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత రామసుబ్బమ్మ పకపకా నవ్వింది. ఆమె నవ్వితే ఊరంతా నవ్వింది. పూజారి కూడా నవ్వాడు. దేవరపోతును తప్పెట్లు లేకుండా తేకూడదని అప్పటికప్పుడు తప్పెట్లవాళ్లను ముందు నడవమన్నారు. బండి అక్కడే వదిలేశాం. ముందు తప్పెట్లు, వెనక పసుపు పూసిన మోషే, వాడి మెడ మీద చెయ్యి వేసి నా కోడలు, ఆ వెనక ఊరు ఊరంతా. కాలువ వంతెన మీద అంత జనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, రానిచ్చాను.

కొట్టం చేరగానే కుర్రాళ్లు దేవరపోతును విప్పడానికి లోపలికి పోయారు. గుమ్మం ముందు కారు ఆగి ఉంది. అజయ్ కుమార్ చాలాసేపటి నుంచి ఎదురు చూస్తున్నాడట. పోయేవాడే, తప్పెట్లు విని ఆగాడు. అతను మోషే చుట్టూ ఒకసారి తిరిగాడు. వీపు నిమిరాడు, తొడలు పట్టి చూశాడు, దూడల వైపు చూశాడు, మళ్లీ మోషేను చూశాడు.

"దూడలన్నీ నావే. ఏటేటా నావే" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. "ఈ పోతును గూడా ఇయ్యమ్మా. నువ్వు ఎంత చెప్తే అంత."

ఎంత చెప్తే అంతంటే, మాలాంటి ఇంట్లో కాదనగలిగే మాట కాదు. లూదియా నోరు తెరిచేలోపే రామసుబ్బమ్మ కర్ర నేలకు కొట్టి ముందుకు వచ్చింది.

"ఏందయ్యా నువ్వడిగేది? ఆ పోతు ఈన్నుంచి కదల్దు. రేపట్నుంచి మా ఊరి ఎనుములు చూలుకు ఈ కొట్టానికే వస్తాయి. ఏమప్పా ఆదినారాయణా?"

"వస్తాయి" అన్నాడు ఆదినారాయణ. అని లూదియా వైపు తిరిగి, "రానిస్తావా తల్లీ?" అని అడిగాడు.

లూదియా మొదట ఆయనకు తల ఊపింది. తర్వాత, వారం రోజులుగా లేని నవ్వు మొహం నిండా పెట్టుకుని వ్యాపారితో అంది.

"పోతును అమ్మనన్నా. దూడలకు రాండి. వచ్చే ఏడు ఉంటాయి, ఆ పై ఏడు గూడా ఉంటాయి."