అడగని మరదలు

వ్యానమ్మ బేరమాడని మనిషి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. టైర్ల కొట్టువాడైతే ఆవిడ వ్యాను మలుపు తిరగడం చూడగానే ధర కాస్త పెంచి సిద్ధంగా కూర్చుంటాడు, ఎలాగూ తెగ్గోస్తుంది కదా అని. పెట్రోలు బంకులో బేరం కుదరదు కాబట్టి, అక్కడ ఊరికే గాలి కొట్టించుకుని, అద్దం తుడిపించుకుని, అప్పుడు గానీ బండి కదపదు. స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని వ్యాను నడుపుతుంది గనక వీధి వీధంతా ఆవిణ్ణి వ్యానమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

అంతటి మనిషీ ఒక్కచోట మాత్రం నోరు విప్పేది కాదు. అది బావగారి దగ్గర.

బావగారంటే సొంత అక్క మొగుడు. ఎర్ర బోర్డు బీమా కంపెనీకి ఏజెంటు. నలగని ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వ్యానమ్మ భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడాది ఈ వ్యాను కొంటే, బ్యాంకులో హామీ సంతకం పెట్టింది ఆయనే. ఆ సంతకాన్ని వ్యానమ్మ మర్చిపోలేదు. అందుకే ఏటా వ్యాను బీమా గడువు దగ్గర పడగానే, ఆయన ఎంత చెబితే అంత కిక్కురుమనకుండా కట్టేసేది. బావగారితో బేరమేమిటి, సిగ్గులేకుండా! పైగా మధ్యలో అక్క ఉంది. తల్లి లేని ఇంట్లో తనకి జడలు వేసి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచిన అక్క. బావగారికి కోపమొస్తే అదంతా భరించాల్సింది ఆవిడే. ఆ ఇంటి గుమ్మం మూసుకుపోతే వ్యానమ్మకి వెళ్ళడానికి ఇంకో పుట్టిల్లు లేదు.

ఈ ఏడు ఫోనులో వచ్చిన అంకె చూసేసరికి మాత్రం ఆవిడ కళ్ళు తిరిగాయి. కిందటేటి మీద మూడో వంతు ఎక్కువ! వ్యాను చూస్తే ఇంకో ఏడాది పాతబడింది. దాని మీద ఒక్క గీత పడలేదు. కంపెనీని ఏనాడూ ఏమీ ఇమ్మని అడిగిన పాపాన పోలేదు. మరి దేనికయ్యా పెంచడం? జాగ్రత్తగా నడిపినందుకు జరిమానానా?

ఉండబట్టలేక ఫోను చేసింది.

"బావగారూ, ఈసారి బాగా పెరిగినట్టుందండీ."

"అన్నీ పెరిగాయి కదమ్మా. అదంతా పైనుంచి వస్తుంది, మన చేతుల్లో ఏముంది? అయినా నువ్వు పాత కస్టమరువి. నిన్ను మావాళ్ళు కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు."

"అంతేలెండి," అంది.

అంతేలెండి! టైర్లవాణ్ణి గడగడలాడించే నోట్లోంచి వచ్చిన మాట అది. ఫోను పెట్టేశాక తన మీద తనకే ఒళ్ళు మండింది. సోమవారానికల్లా కొత్త బీమా కాగితం చూపించకపోతే స్కూలువాళ్ళు వ్యాన్ని గేటులోకి రానివ్వరు. వెనక సీట్లకి కొత్త బెల్టులు వేయిద్దామని దాచిన డబ్బు కాస్తా దీనికే సరిపోతుంది. పసిపిల్లల బెల్టులు ఆపి కంపెనీ కడుపు నింపాలన్నమాట.

మర్నాడు పొద్దున పిల్లల్ని దింపి, బ్రేకులు చూపిద్దామని గ్యారేజీకి వెళ్ళింది. అక్కడ బావగారి కారు కనిపించింది. వెనక సీటుకి అక్క కుట్టిన చారల కవరు ఉంది, పోల్చుకోకపోవడమేమిటి? కారు తలుపు సొట్టపోయింది. మెడలో కార్డు వేసుకున్న ఒకాయన దాని చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడు.

"ఏమైంది మేస్త్రీ, మా బావగారి కారుకి?"

"ఎవరో లారీవాడు రాసుకుపోయాడంటమ్మా. ఇదిగో, చూడ్డానికి బీమా ఆయన వచ్చారు."

వ్యానమ్మ చూపు ఆయన మెడలోని కార్డు మీద పడింది. నీలం రంగు కార్డు.

"మీరు ఎర్ర బోర్డు వాళ్ళు కాదా?"

"కాదమ్మా. మాది మార్కెట్టు పక్కన నీలం బోర్డు. ఈ సారు రెండేళ్ళ నుంచి మా దగ్గరే. అంతకుముందు ఇంకెక్కడో ఉండేవారట. గట్టి మనిషిలెండి, ఎక్కడ తక్కువకొస్తే అక్కడికి మారిపోతారు. ఈమధ్య మావాళ్ళు పెంచబోతే, వచ్చి పోట్లాడి మరీ తగ్గించుకున్నారు."

వ్యానమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చూడండి మరి! వీధిలో ప్రతి గుమ్మం ఎక్కి ఎర్ర బోర్డు గొప్పలు చెప్పే పెద్దమనిషి, తన కారు మాత్రం తీసుకెళ్ళి నీలం బోర్డు వాళ్ళకి అప్పజెప్పాడు. పాత కస్టమరు, కళ్ళలో పెట్టుకోవడం, ఈ కబుర్లన్నీ మరదలికా? ఇంటి మనిషికే ఇంత చక్కగా కుచ్చుటోపీ పెట్టేవాణ్ణి ఏమనాలి?

వ్యాన్ని మేస్త్రికి అప్పగించి, అటునుంచి అటే నీలం బోర్డు ఆఫీసుకి నడిచింది. కౌంటరు దగ్గర అమ్మాయి వివరాలన్నీ అడిగి, కంప్యూటర్లో కొట్టి, అంకె చెప్పింది. అది ఎర్ర బోర్డు ఇప్పుడు అడిగినదానికన్నానే కాదు, కిందటేడు కట్టినదానికన్నా కూడా తక్కువ. "ఇదేనా మీ ఆఖరి మాట?" అంది వ్యానమ్మ, అలవాటు కొద్దీ. ఆ అమ్మాయి నవ్వి ఇంకాస్త తగ్గించింది. మొత్తం కలిపి కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

"రేపొచ్చి కడతాను," అని లేచింది. అప్పుడే కట్టేసి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు కూడా. కానీ చాటుమాటు వ్యవహారాలు ఆవిడకి చేతకావు. ఏదైనా మొహం మీద చెప్పాల్సిందే.

సాయంత్రం పిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపేసి, వ్యానులోనే అక్కావాళ్ళింటికి వెళ్ళింది. ముందుగదిలో బావగారు టీవీ చూస్తున్నారు. అక్క గోడవారన బల్ల వేసుకుని ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

"రా అమ్మాయ్, డబ్బు తెచ్చావా?" అన్నారు బావగారు.

"లేదు బావగారూ. నేను నీలం బోర్డుకి మారిపోతున్నాను. మీకు చెప్పి మారదామని వచ్చాను."

అక్క చేతిలో ఇస్త్రీపెట్టె ఆగింది. బావగారి మొహం మాడిపోయింది.

"ఎవరమ్మా నీకు ఇవన్నీ నూరిపోసింది? తక్కువకిచ్చేవాడు ఊరికే ఇస్తాడా? రేపు ఏదైనా అయితే వాళ్ళు పలుకుతారనుకున్నావా?"

"మీ కారుకి పలికారు కదండీ. పొద్దున గ్యారేజీలో చూశాను. ఫొటోలు తీస్తున్నారు."

బావగారు టీవీ గొంతు తగ్గించారు. "అది వేరే సంగతిలే" అన్నారు. తర్వాత, "సరే, ఆగు. నీకోసం పైవాళ్ళతో మాట్లాడతాను" అంటూ ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. నాలుగు మాటలు మాట్లాడి లోపలికొచ్చి ఒక అంకె చెప్పారు. నీలం బోర్డు అంకె కన్నా అది తక్కువ.

"చూశావా? ఎంతైనా మనవాళ్ళు మనవాళ్ళే," అన్నారు.

అదిగో, అప్పుడు మండింది వ్యానమ్మకి. పెంచినప్పుడు కూడా రానంత కోపం తగ్గించినప్పుడు వచ్చింది.

"తగ్గుతుందా అయితే? నిన్న మన చేతుల్లో ఏముంది అన్నారే! ఇవాళ బాల్కనీలోకి వెళ్ళొచ్చేసరికి తగ్గిపోయిందా? మరి పోయినేడు లేదా ఈ ఇంటికి బాల్కనీ? అంతకుముందేడు లేదా?"

"అరవకు. అడిగినవాళ్ళకి తగ్గిస్తారు. అడగనివాళ్ళకి పెంచుకుంటూ పోతారు. అన్ని కంపెనీలదీ అదే పద్ధతి. నువ్వెప్పుడైనా అడిగావా?"

"ఎందుకు అడగలేదో తెలుసా మీకు?" అంది వ్యానమ్మ. "టైర్లవాణ్ణి అడిగాను. స్కూలువాళ్ళని అడిగాను. మిమ్మల్ని అడగలేదు. మీరు బావగారు కాబట్టి అడగలేదు. ఆనాడు సంతకం పెట్టారు కాబట్టి అడగలేదు. నేను మర్యాద ఇస్తుంటే మీరు దాన్ని చేతకానితనం అనుకున్నారా? అది చూసుకుని ఏటేటా పెంచుకుంటూ పోయారా?"

"మాటలు జాగ్రత్త! ఆ సంతకమే లేకపోతే నీకు వ్యానే లేదు. ఇంత విశ్వాసం లేనిదానివైతే మళ్ళీ ఈ గడప తొక్కకు."

అనేశారు. ఇన్నేళ్ళూ ఏ మాటకి భయపడి నోరు కుట్టేసుకుందో, సరిగ్గా ఆ మాటే అనేశారు. వ్యానమ్మ అక్క వైపు చూడలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే గుమ్మం వైపు తిరిగింది.

"ఆగవే," అంది అక్క.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, తీగ మెల్లగా చుట్టింది. "బ్యాంకు అప్పు మా చెల్లి ఎప్పుడో తీర్చేసుకుందండీ. మీ సంతకానికి ఏ నష్టమూ రాలేదు."

"నువ్వు మధ్యలో రాకు," అన్నారు బావగారు.

"ఎప్పుడు వచ్చాను గనక? ఇప్పుడొక్కటే అడుగుతాను, చెప్పండి. అడగనివాళ్ళకి పెంచుకుంటూ పోవడం పద్ధతి అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఇన్నేళ్ళలో నా మీద ఎంత పెంచారో, అది కూడా చెప్పేయండి. వింటాను."

టీవీలో ఎవరో నవ్వుతుంటే బావగారు తడుముకుని తడుముకుని రిమోటు నొక్కి ఆపేశారు. అక్క జవాబు కోసం నిజంగానే నిలబడింది, తొందరేమీ లేదన్నట్టు. ఎంతకీ రాకపోయేసరికి, సగం ఇస్త్రీ అయిన చొక్కాని బల్ల మీద అలాగే వదిలేసి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నారు ఆయన. గొంతులో మెత్తదనం మళ్ళీ వచ్చింది.

"మా చెల్లెలింటికి. రేపు నీలం బోర్డు దగ్గరికి దానికి తోడు వెళ్తాను. అడగడమెలాగో నేర్చుకోవాలి కదా."

వ్యాను ముందు సీటు నిండా పిల్లలు మర్చిపోయిన నీళ్ళ సీసాలూ స్వెట్టర్లూ ఉంటే, అక్క వెనక్కి వెళ్ళి పిల్లల సీటులో ఒదిగి కూర్చుంది. బెల్టు లాగి చూసింది. ఇంకోసారి లాగింది.

"ఇది పట్టడం లేదేమే?"

"రేపు కొత్తవి వేయిస్తానక్కా," అంది వ్యానమ్మ, కళ్ళు తుడుచుకుని తాళం తిప్పుతూ. "ఇవాళ్టికి ఆ కడ్డీ పట్టుకుని కూర్చో. మెల్లగా పోనిస్తాను."