బ్యాటరీ మీద రాసే ఉంది

ఆదివారం ఒంటిగంటకు బడిలో ఊరి సమావేశం. ఆలోగా ఆవు పాలు పితకాలి. కోడి సూపు పొయ్యి మీద పెట్టి, అందులోకి పిండి కలిపి, పల్చగా ఒత్తి, దారాల్లా తరగాలి. నిన్న కాల్చి మూతపెట్టిన రెండు బుట్టల ఎర్ర మిరపకాయల తోలు ఒలవాలి. అత్తగారి కాలిపుండుకు కట్టు మార్చాలి. మా ఆయన మిలుతిన్ చొక్కా ఇస్త్రీ చెయ్యాలి, బావగారు రదొవాన్ చొక్కా కూడా. ఆయనకు పెళ్లి కాలేదు కనుక ఆ చొక్కా నా వాటాకు వచ్చింది. టార్చిలైటు బాగుచెయ్యాలి. కొండెక్కి ఊటగది చూసి రావాలి.

చివరి రెండూ ఎవరూ చెప్పిన పనులు కావు. నాకు నేను పెట్టుకున్నవి. అవి అయితేనే సమావేశంలో నేను చెయ్యెత్తగలను.

మా ఊరి కుళాయిలన్నిటికీ నీళ్లు కొండమీది ఆ ఊటగది నుంచే వస్తాయి. నేలలోకి దిగిన చిన్న కాంక్రీటు గది. కిటికీ లేదు. ఇరవయ్యారేళ్లు దాన్ని చూసుకున్నది దెసంక అనే విధవరాలు. అడుగున పేరుకున్న బురద గీకేది, క్లోరిన్ వేసేది, సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పట్నం తీసుకెళ్లేది. ఈలోగా నీటిసంఘానికి నలుగురు అధ్యక్షులు మారారు. గదిలోకి దిగిన మనిషి మాత్రం మారలేదు. ఆమెకు జీతం లేదు, ఎవరూ ఇస్తామనలేదు. చివరి మూడేళ్లు నేను కూడా వెంట వెళ్లాను. ఆమె మోకాళ్లు మొరాయించాక తన టార్చీ, తన దగ్గరున్న తాళంచెవీ నా చేతిలో పెట్టి, "నువ్వు చదువుకున్నదానివి, నీకు నేను చెప్పేదేముంది, మెట్టు మాత్రం చూసుకుని దిగు" అంది. మార్చిలో పోయింది. ఆ తరవాత నేనూ కొండెక్కలేదు.

ఇప్పుడు పట్నం మునిసిపాలిటీ వాళ్లు, ఊరు ఒక మనిషిని నియమించాలి, జీతం మేమిస్తాం అన్నారు. జీతం అనే మాట వినపడగానే ఆ పని మగవాళ్ల కంట్లో పడింది. రదొవాన్ తయారయ్యాడు. భోజనాల దగ్గర ఇంట్లో అందరూ అది అయిపోయిన విషయంలాగే మాట్లాడుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. రసాయనశాస్త్రం. నాన్న రంపపు మిల్లు కూలీ. నా పట్టా చూసి చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. ఆ పట్టాతో నేను ఎండాకాలమంతా శీతల గిడ్డంగిలో రాస్ప్‌బెర్రీలు ఏరుతాను, మిగతా కాలమంతా ఈ ఇంట్లో ఎంగిలి గిన్నెలు ఏరుతాను. అత్తగారు స్తానిక మాటల్లో చెప్పాలంటే, "మా కోడలి పట్టా గోడమీద ఉంది, గిన్నెలు సింకులో ఉన్నాయి." ఈ మాట ఆమె చుట్టాలందరి ముందూ అంటుంది. చుట్టాలందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. పధ్నాలుగేళ్లు నవ్వాను.

మిరపకాయల బుట్ట పక్కకు జరిపి, బల్లమీద పాత పేపరు పరిచి టార్చి పెట్టుకున్నాను. బ్యాటరీలు తియ్యకుండా ఆరునెలలు సామాన్ల గదిలో ఉంచేశాను. అది నా తప్పే. చదివిన చదువుకు సిగ్గుపడాల్సిన తప్పు. వెనక మూత పట్టేసింది. రబ్బరు గుడ్డ చుట్టి రెండు చేతులా తిప్పితే కిర్రుమని కదిలింది. లోపల తెల్లటి గడ్డ కట్టి ఉంది, పైపైన ఆకుపచ్చ. చెక్కమీద తడితే ఒక బ్యాటరీ జారింది, రెండోది రాలేదు.

మిలుతిన్ కాఫీ గ్లాసుతో వచ్చి భుజం మీంచి చూశాడు. "ఆసిడ్ కారింది. వంటసోడా వెయ్యి, విరుగుతుంది."

"పారెయ్యమను. ఎందుకా చెత్త?" అని గదిలోంచి రదొవాన్. "ఫోన్లకు లైట్లు లేవా?"

ఊటగదిలో వాల్వు తిప్పడానికి రెండు చేతులూ కావాలి, టార్చిని మేకుకు తగిలించాలి. లోపలికి ఒక్కసారి దిగినా ఆ మాట తెలుస్తుంది. నేను వెనిగర్ సీసా తీసి, దూది పుల్ల ముంచి తెల్లగడ్డ మీద అద్దాను. బుస్సుమని పొంగింది.

"చూశావా? ఆసిడ్ కాబట్టే బుసలు కొడుతోంది" అన్నాడు మిలుతిన్, గెలిచినట్టు.

ఇలాంటి చోట ఊరుకోవడం నాకు అలవాటు. తోటకు మందు కలిపేటప్పుడు ఊరుకున్నాను, సబ్బు కాచేటప్పుడు ఊరుకున్నాను. వాళ్ల తప్పు పాళ్లను రాత్రి నేను ఒక్కదాన్నే సరిచేసి, పొద్దున వాళ్ల పేరు మీద మెచ్చుకోళ్లు విన్నాను. ఊరుకోవడమే ఇంటి శాంతి అనుకున్నాను. ఆ శాంతికి కూలీ నేనొక్కదాన్నే అని ఎందుకో అప్పుడు, ఆ నురగ చూస్తుంటే తోచింది.

"వెనిగరే ఆసిడ్, మిలుతిన్. ఆసిడ్ మీద ఆసిడ్ పోస్తే ఇలా పొంగదు. ఇది క్షారం. బ్యాటరీ మీద రాసే ఉంది చూడు, ఆల్కలైన్ అని."

అతను బ్యాటరీ వంక చూశాడు. చదివాడు. తలుపు దగ్గర కర్రమీద ఆనుకుని నిలబడ్డ అత్తగారు, "ఏం రాసుంది?" అంది. కొడుకు కాఫీ గ్లాసు నోటికెత్తుకున్నాడు. "కోడలు చెప్పిందే రాసుందా?" అంది మళ్లీ. ఆమె గొంతులో వెటకారం ఉందో, సరదా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

రెండో బ్యాటరీ స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా కదిపితే వచ్చింది. లోపలంతా వెనిగర్‌తో, తరవాత తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాను. స్ప్రింగు చివరి చుట్టు తుప్పుకు తెగిపోయింది. మిగిలిన చుట్లు సాగదీసి, గోళ్లు అరగదీసే ఆకురాయితో లోహం మెరిసేదాకా రుద్దాను. కొత్త బ్యాటరీలు వేసి మీట నొక్కాను. వెలగలేదు. మీట కింది రేకు కూడా రుద్దాను. వెలిగింది.

"అత్తయ్యా, సూపు మీరు దించుకోండి. చొక్కాలు బల్లమీద ఉన్నాయి, ఇస్త్రీపెట్టె పక్కనే ఉంది" అని చెప్పి కొండెక్కాను.

శుక్రవారం తాను గది శుభ్రం చేసి వచ్చానని రదొవాన్ ఊరంతా చెప్పాడు. తాళం మీద సాలెగూడు చెక్కు చెదరలేదు. లోపల టార్చి తగిలించి చూస్తే ఆకులు ఆపే జాలీ చిరిగి ఉంది, తొట్టి అడుగున ఆకులు కుళ్లుతున్నాయి. చేతనైనంత తీసేసి, సీసాలో నీళ్లు పట్టుకుని నేరుగా బడికి వెళ్లాను, మోకాళ్ల దాకా తడిసిన బట్టలతోనే.

ఎవరు ముందుకొస్తారని అధ్యక్షుడు వుయిత్స అడిగితే నలిగిన చొక్కా చెయ్యి ఒకటి లేచింది. నాదీ లేచింది.

"రెండు చేతులూ ఒకే ఇంటివి కదమ్మా యాగొదా! ఇంట్లో తేల్చుకుని రండి" అన్నాడు వుయిత్స. హాలంతా నవ్వింది.

"ఇంట్లో తేలదు. ఇక్కడే తేల్చండి" అన్నాను. సీసా బల్లమీద పెట్టి, చూసింది చూసినట్టు చెప్పాను. తరవాత ఒక్కటే అడిగాను: "రదొవాన్, గదిలో వాల్వు ఏ గోడకుంది?"

"తలుపుకి ఎదురుగా" అన్నాడు.

"అది నేలలో ఉంది."

కాఫీలు అందించడానికి వచ్చిన ఆడవాళ్లు వెనక గోడ దగ్గర పళ్లేలు కింద పెట్టారు. నా పేరు చదివినప్పుడు ముందు వాళ్ల చేతులే లేచాయి, ఆ తరవాత కొందరు మగవాళ్లవి. మిలుతిన్ చెయ్యి లేవలేదు. రదొవాన్ పేరుకూ లేవలేదు.

పని నాకు వచ్చింది. పట్నంలో సంతకం పెట్టబోతే ఫారంలో "ఈ ఊరి మొదటి నీటి నిర్వాహకురాలు" అని ఉంది. అది అబద్ధమనీ, నాకు ముందు ఇరవయ్యారేళ్లు ఇంకొకామె చేసిందనీ చెప్పాను. గుమాస్తా మర్యాదగానే అన్నాడు: "జీతం తీసుకోనివాళ్ల పేరు రాయడానికి ఇందులో గడి లేదమ్మా."

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆమె పేరు దెసంక. మొదటి మనిషి ఆమె. చదివిన మీరైనా గుర్తుపెట్టుకోండి.