పసుపుగీతకు ఇవతల

సీసాలోని ఎర్రనీళ్ళను సిరంజిలోకి లాగి, దాన్ని సీసం లోహంతో చేసిన తొడుగులో దూర్చి, మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇప్పుడు మీరు, డాక్టరమ్మా. తొందరపడొద్దు, అలాగని తాత్సారమూ చెయ్యొద్దు. పనయ్యాక అక్కడే నిలబడి ఆలోచించకండి."

డాక్టరమ్మ పాఠాలన్నీ చదివి, పరీక్షలన్నీ గట్టెక్కి వచ్చిన పిల్ల. అయినా రోగులకి రేడియోధార్మిక మందు తన చేత్తో ఇవ్వాలంటే ముందు కొన్ని నెలలు ఆస్పత్రిలోని ఈ గదిలో పెద్దల కనుసన్నల్లో పనిచేయాలి. మందు వచ్చిన పెట్టె విప్పడం, మందు కొలవడం, ఒలికితే తుడవడం, అన్నీ రంగునీళ్ళతో చేసి చూపించాకే అసలు మందు ముట్టుకోనిస్తారు. ఆ రంగునీళ్ళ పాఠం టెక్నీషియన్ మాస్టారిది. ఆయన పట్టింపు ఒక్కటే, నీళ్ళని నీళ్ళు అనుకోకూడదు. ఎర్రచుక్క ఒంటిమీద పడిందంటే మందు పడ్డట్టే లెక్క. డాక్టర్లు చాటున 'నీళ్ళ మాస్టారు' అని నవ్వుకుంటారు. ఆ మాట చెవిన పడ్డా ఆయన పట్టించుకోరు.

ఇవాళ మాత్రం ఆయన మనసు గదిలో లేదు. కారిడార్‌లో నేల మీద గీసిన పసుపుగీత దగ్గరే ఉండిపోయింది. మందు మింగిన రోగులు ఒంటరిగా ఉండే గదులు ఆ గీతకు అవతల. వంటశాల నుంచి భోజనం తెచ్చే ఆవిడ గీతకు ఇవతలే బల్లమీద పళ్ళేలు పెట్టాలి, మాస్టారు అవతలి నుంచి వచ్చి అందుకోవాలి. ఏళ్ళ తరబడి వాళ్ళ స్నేహమంతా గీతకు చెరోవైపు నిలబడి సాగిందే. వాన గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, ఉప్పెక్కువైన కూర మీద వేళాకోళం. ఆవిడకి భర్త పోయి చాలాకాలమైంది. మాస్టారికి అసలు పెళ్ళే కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ, అబ్బాయి చేసే పనేమిటో కనుక్కుని వచ్చిన దారినే పోయాయి. తల్లి బతికున్నన్నాళ్ళూ ఆ ఉద్యోగాన్ని తిట్టిపోసింది. వంటశాల ఆవిడ ఒక్కతే ఆయన్ని చూసి ఏనాడూ జంకలేదు.

పొద్దున పళ్ళేలు పెడుతూ ఆవిడ చెప్పింది. "మా అక్క మంచం పట్టింది మాస్టారూ. ఇక అక్కడే ఉండిపోతాను. సాయంత్రం బండికి బయల్దేరుతున్నా."

"అలాగా," అన్నారు మాస్టారు, పళ్ళేలు అందుకుంటూ.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, "వెళ్ళేముందు ఓసారి వస్తాలెండి," అంది.

అప్పట్నుంచి ఆయన ఒకే మాట కూడగట్టుకుంటున్నారు. వెళ్ళొద్దని అడగాలి. అక్కని కూడా ఇక్కడికే తెచ్చుకుందాం, నేనూ చూస్తాను అనాలి. ఇవాళ అడక్కపోతే మిగిలిన బతుకంతా ఆ 'అలాగా'తోనే వెళ్ళబుచ్చాలి.

మధ్యాహ్నం నుంచి, ఒలికిన మందు తుడిచే పాఠం. డాక్టరమ్మ చక్కగానే చేసింది. గదిలోవాళ్ళని హెచ్చరించింది, కాగితం పరిచింది, అంచుల నుంచి లోపలికి తుడిచింది. పొరపాటు చేసింది మాస్టారే. ఇంకోసారి చూపించబోయి సీసా తన మీదే వంపుకున్నారు. ఎర్రనీళ్ళు గ్లౌజులు దాటి మోచేతుల దాకా పాకాయి.

అప్పుడే తలుపు అద్దంలోంచి, గీత దగ్గర ఆవిడ కనబడింది. ఏప్రన్ లేదు, ప్రయాణానికి తయారై వచ్చింది. మాస్టారు చేతులు అలాగే ఎత్తిపట్టుకుని గబగబా బయటికి నడిచారు.

ఆయన్ని చూడగానే ఆవిడ గీత దాటింది. అన్నేళ్ళలో అదే మొదటిసారి. దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"రాకండి," అన్నారు మాస్టారు, వెనక్కి జరిగి. "ముట్టుకోకండి. దూరంగా ఉండండి."

ఆవిడకి ఏమీ కాకూడదనే అన్నారు. కానీ ఆ మాట డాక్టర్లకి పాఠం చెప్పీ చెప్పీ గట్టిపడ్డ గొంతుతో వచ్చింది. ఆవిడ చెయ్యి దించుకుంది.

"సరే మాస్టారూ."

ఆయన లోపలికి పరిగెత్తారు. వచ్చేదాకా ఆగమని చెప్పాలని కూడా తోచలేదు. గ్లౌజులు ఒలిచి డబ్బాలో పడేసి, సబ్బు రాసి, మోచేతుల దాకా రుద్ది కడిగారు. రేడియేషన్ కొలిచే మీటరు అందుకుని ఒక్కొక్క వేలి మీదా ఆనించి చూస్తున్నారు.

"మాస్టారూ," అంది డాక్టరమ్మ మెల్లగా. "అవి రంగునీళ్ళే కదండీ."

ఆయన మీటరు వైపు చూశారు. ముల్లు కదల్లేదు, కదలదు కూడా. మీటరు బల్లమీద పెట్టి, తడిచేతులతోనే కారిడార్‌లోకి వచ్చారు. ఎవరూ లేరు. మెట్లదాకా వెళ్ళి తొంగిచూశారు. కింద ఆవిడ ఎక్కిన ఆటో ఆస్పత్రి గేటు దాటిన చప్పుడు వినిపించింది.

"వెళ్ళకండి," అన్నారు మాస్టారు, ఖాళీ మెట్లతో.

తిరిగి వస్తుంటే బల్ల పక్కన ఏదో కాలికి తగిలింది. వంటశాల స్టూలు. అంత దూరం నుంచి ఆవిడే మోసుకొచ్చినట్టుంది. ఆయన రోజూ నిలబడే చోటికి ఎదురుగా, తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునేందుకు వీలుగా, గీతను ఆనుకుని వేసి ఉంది.